కప్ప కండరంలో చిన్న గురగుర: నరం చివర తెరుచుకునే తిత్తుల కథ

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. చదవడానికి వీలుగా మాటలు అక్కడక్కడా సర్దాం.)



ఇప్పుడు మీరు ఫోన్ పట్టుకుని బొటనవేలితో స్క్రీన్‌ని ఒక్కసారి పైకి తోశారనుకోండి. ఆ వేలు కదలాలంటే వెన్నుపాములోంచి బయల్దేరిన నరం చేతిదాకా వచ్చి, కండరానికి "ముడుచుకో" అని చెప్పాలి. నరంలో వచ్చేది కరెంటు సిగ్నల్. ఇది మనందరం స్కూల్లో చదువుకున్నదే. కానీ స్కూల్లో గబగబా దాటేసే విషయం ఒకటుంది. నరం చివరకీ కండరానికీ మధ్య ఖాళీ ఉంది. ఒక మిల్లీమీటరుని 20 వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. చాలా చిన్న ఖాళీ, కానీ అక్కడికొచ్చి కరెంటు ఆగిపోతుంది. అయినా వేలు కదులుతోంది కదా! మరి ఆ ఖాళీని దాటుతున్నది ఏంటి?

ఈ ప్రశ్న మీద సైంటిస్టులు దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. ఈ కథలో ఒక కల ఉంది, జైలు ఉంది, యుద్ధం ఉంది, పాడైపోయిన మాంసం ఉంది. మన అమ్మమ్మలు పేరు చెప్తేనే భయపడిన ఒక జబ్బు కూడా ఉంది. దాని దగ్గరకి చివర్లో వద్దాం.

1920ల్లో, 30ల్లో రెండు పార్టీలుండేవి. ఒక పార్టీ వాళ్లు "నరం చివర ఏదో రసాయనం కారుతుంది, అదే అవతలివైపు కబురు చేరుస్తుంది" అనేవాళ్లు. ఇంకో పార్టీ వాళ్లు "రసాయనం అంత స్పీడుగా పనిచేయలేదు, కరెంటే ఎలాగోలా దూకుతుంది" అనేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు వీళ్లకి సూప్ పార్టీ, స్పార్క్ పార్టీ అని పేర్లు పెట్టారు. మన భాషలో రసం పార్టీ, రవ్వ పార్టీ అనుకుందాం. నిప్పురవ్వ అండీ, ఉప్మారవ్వ కాదు.

రసం పార్టీకి మొదటి గట్టి సాక్ష్యం ఇచ్చింది ఒట్టో లోవీ. ఆస్ట్రియాలోని గ్రాజ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆయన చెప్పుకున్న కథ ప్రకారం ఈస్టర్ ముందురోజు రాత్రి కలలో ఒక ప్రయోగం తట్టింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నారు. పొద్దున చూస్తే ఆ రాత ఆయనకే అర్థం కాలేదు! మర్నాడు రాత్రి 3 గంటలకి మళ్లీ అదే ఆలోచన వస్తే, ఈసారి రిస్క్ తీసుకోకుండా నేరుగా ల్యాబ్‌కి వెళ్లిపోయారు. రెండు కప్ప గుండెలు తీసుకున్నారు. మొదటి గుండెకి వచ్చే వేగస్ అనే నరానికి షాక్ ఇచ్చారు. ఆ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆ గుండె తడిసిన ద్రవాన్ని తీసి, నరమే లేని రెండో గుండెకి ఇచ్చారు. అది కూడా నెమ్మదించింది. అంటే నరం ఏదో ఒక పదార్థాన్ని ఆ ద్రవంలోకి వదిలిందన్నమాట. ఈ పేపర్ 1921లో వచ్చింది. ఆ పదార్థం అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో లోవీకి, ఇంగ్లండ్‌కి చెందిన హెన్రీ డేల్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు.

కల గురించి అందరూ చెప్తారు, తర్వాత జరిగింది ఎక్కువమంది చెప్పరు. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. లోవీ యూదుడు. అర్ధరాత్రి తుపాకులతో ఇంట్లోకి వచ్చి ఆయన్ని అరెస్ట్ చేశారు, కొడుకుల్లో ఇద్దర్ని కూడా పట్టుకెళ్లారు. అప్పటికి ఆయనకి 64 ఏళ్లు. చంపేస్తారనే అనుకున్నారట. జైల్లో ఆయన్ని పట్టి పీడించిన బెంగ ఏంటో తెలుసా? చివరగా చేసిన ప్రయోగం ఇంకా అచ్చుకాలేదే అని. బతిమాలి బతిమాలి ఒక పోస్టుకార్డు, పెన్సిల్ సంపాదించి, ఆ ఫలితాన్ని రాసి పత్రికకి పంపించారు. నెలల తర్వాత దేశం దాటనిచ్చారు. కానీ దానికి ఒక ధర కట్టారు. స్వీడన్ బ్యాంకులో ఉన్న నోబెల్ డబ్బుని నాజీల చేతిలో ఉన్న బ్యాంకుకి మార్చాల్సి వచ్చింది.

సరే, ఏదో రసాయనం వస్తుందని తేలింది. కానీ ఎలా వస్తుంది? కుళాయి తిప్పితే నీళ్లు వచ్చినట్టు ధారగా కారుతుందా? దీనికి జవాబు చెప్పిన మనిషి కూడా హిట్లర్ నుంచి పారిపోయినవాడే. పేరు బెర్నార్డ్ కాట్జ్. 1911లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టారు. 1935లో లండన్ వెళ్లి యూనివర్సిటీ కాలేజీలో ఏ.వి. హిల్ దగ్గర చేరారు. 1939లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి. అక్కడ ఆయన్ని పిలిచిన జాన్ ఎకిల్స్ ఎవరో కాదు, రవ్వ పార్టీకి పెద్ద నాయకుడు! అంతలో యుద్ధం ముదిరింది. కాట్జ్ ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ ఆఫీసర్‌గా పనిచేశారు. రాడార్ పని అంటే తెలుసు కదా, తెర మీద గజిబిజిగా వచ్చే గీతల్లో ఏది ఉత్త నాయిస్, ఏది నిజంగా వస్తున్న విమానం అని విడదీయడం. తర్వాత ఆయన చేసింది చూస్తే ఆ అలవాటు పనికొచ్చిందేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే, అలాగే తీసుకోండి.

1946లో మళ్లీ లండన్ వచ్చారు. పాల్ ఫ్యాట్ అనే కుర్ర సైంటిస్ట్‌తో కలిసి కప్ప కండరంలోకి జుట్టు కంటే ఎంతో సన్నని గాజు ఎలక్ట్రోడ్ గుచ్చి, నరం అంటుకునే చోట ఎంత కరెంటు మార్పు వస్తుందో కొలుస్తున్నారు. ఒక వింత కనిపించింది. నరానికి షాక్ ఇవ్వకపోయినా, అంతా నిశ్శబ్దంగా ఉన్నా, తెర మీద చిన్న చిన్న బొడిపెలు లేస్తున్నాయి. ఒక్కొక్కటి అర మిల్లీవోల్టు. మామూలుగా నరం కబురు పంపినప్పుడు వచ్చే మార్పులో దాదాపు 100వ వంతు. ఎప్పుడొస్తాయో లెక్కాపత్రం లేదు.

మీరైతే ఏం చేస్తారు? నేనైతే వైరు లూజుగా ఉందేమో అని చూసి, ఫిల్టర్ పెట్టి తీసేసేవాణ్ని. వాళ్లు ఆ గురగురనే పట్టుకున్నారు. ఎలక్ట్రోడ్‌ని నరం అంటుకునే చోటికి దూరంగా పెడితే బొడిపెలు లేవు, దగ్గరకి తెస్తే ఉన్నాయి. కురారే ఇస్తే మాయం. కురారే అంటే దక్షిణ అమెరికాలో బాణాలకి పూసే విషం, అసిటైల్‌కోలిన్‌ని కండరం మీద పనిచేయనివ్వదు. అంటే ఈ గురగుర మిషన్‌ది కాదు, నరానిదే! 1950లో ఈ సంగతిని 'జీవసంబంధమైన నాయిస్' అనే మాట పెట్టే అచ్చువేశారు, 1952లో పూర్తి పేపర్.

ఇక్కడే అసలు ఆలోచన. ఆ బొడిపె ఒక్క అణువు వల్ల వచ్చేంత చిన్నది కాదు. వేల అణువులు ఒకేసారి వచ్చి పడితేనే అంత లేస్తుంది. వేల అణువులు ఎవరూ పిలవకుండా ఒకే క్షణంలో కలిసికట్టుగా ఎలా వస్తాయి? ఎవరో వాటిని ముందే పొట్లం కట్టి ఉంచితే తప్ప!

పొట్లాలున్నాయని రుజువు ఎలా? 1954లో కాట్జ్, హోసే డెల్ కాస్టియో అనే స్పెయిన్ సైంటిస్ట్ కలిసి ఒక తెలివైన పని చేశారు. కప్ప కండరం ఉన్న ద్రవంలో కాల్షియం బాగా తగ్గించి, మెగ్నీషియం పెంచారు. అప్పుడు నరం కబురు బలహీనమైపోతుంది. ఎంతగా అంటే, షాక్ ఇస్తే ఒక్కోసారి అసలేమీ రాదు. ఒక్కోసారి ఒక చిన్న బొడిపె అంత వస్తుంది. ఒక్కోసారి దానికి రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు. ఒకటిన్నర లాంటివి కాదు. మీ జేబులో అన్నీ 10 రూపాయల నాణేలే ఉంటే 10 ఇవ్వగలరు, 20 ఇవ్వగలరు, 15 ఇవ్వలేరు కదా. అలాగ.

ఆ తర్వాత లెక్క వేశారు. పాసాన్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడి సూత్రం ఒకటుంది. చాలా అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే వాటిని లెక్కపెట్టే సూత్రం. 1898లో ఒకాయన ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చచ్చిపోయిన సైనికుల లెక్కలకి దీన్ని వాడి చూపించారు. అదే సూత్రంతో కాట్జ్ వాళ్లు, 'ఇన్ని షాకుల్లో ఇన్నిసార్లు ఏమీ రాలేదు, కాబట్టి సగటున ఇన్ని పొట్లాలు రావాలి' అని లెక్కేసి, నిజంగా కొలిచినదాంతో పోల్చారు. సరిపోయింది. గుర్రపు తన్నుల లెక్క కప్ప నరానికి సరిపోవడం నాకు ఇప్పటికీ గమ్మత్తుగా అనిపిస్తుంది.

ఈలోగా రవ్వ పార్టీ ఏమైంది? 1951లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఎకిల్సే స్వయంగా వెన్నుపాము నరకణంలోకి ఎలక్ట్రోడ్ గుచ్చి చూశారు. తన సిద్ధాంతం నిజమైతే వోల్టేజి ఒకవైపు వెళ్లాలి. అది రెండోవైపు వెళ్లింది. ఎకిల్స్ తప్పు ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి తాను వాదించినదాన్ని తన ప్రయోగంతోనే కూల్చుకున్నారు! 1963లో ఆయనకీ నోబెల్ వచ్చింది. ట్విట్టర్ గొడవల్లో ఇలాంటి సీన్ ఎప్పుడైనా చూశారా?

1954, 55ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల కింద నరం చివరలు చూసినవాళ్లకి అక్కడ గుండ్రటి చిన్న తిత్తులు గుంపులు గుంపులుగా కనిపించాయి. పేలే, పలాడే ఒకవైపు, అర్జెంటీనాకి చెందిన డి రాబర్టిస్ ఇంకోవైపు. ఒక్కో తిత్తి అడ్డం 40, 50 నానోమీటర్లు. సైన్స్ పుస్తకాల్లో వెసికిల్స్ అంటారు. కాట్జ్ లెక్కల్లో ఉన్న పొట్లాలు ఇవేనా? అందరికీ అలాగే అనిపించింది. కానీ అనిపించడం వేరు, చూపించడం వేరు. తిత్తి నరం పొరకి అంటుకుని, రెండు పొరలు ఒకటైపోయి, లోపలి సరుకు బయటపడుతున్న క్షణాన్ని ఎవరూ చూడలేదు. ఆ క్షణం సెకనులో వెయ్యో వంతు.

ఆ క్షణాన్ని పట్టుకోవడానికి అమెరికాలో జాన్ హ్యూజర్, టామ్ రీస్ వాళ్లు కట్టిన మిషన్ గురించి చదివితే నవ్వొస్తుంది, భయం కూడా వేస్తుంది. కింద ఒక రాగి దిమ్మ. దాన్ని లిక్విడ్ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గరికి చల్లబరుస్తారు. పైనుంచి కప్ప కండరాన్ని తలకిందులుగా కట్టి వదిలేస్తారు. అది కిందికి పడుతుండగా, దిమ్మని తాకడానికి కొన్ని మిల్లీసెకన్ల ముందు నరానికి షాక్. ఠప్! కండరం దిమ్మకి కొట్టుకుని ఉన్నపళంగా గడ్డకడుతుంది. షాక్ ఇచ్చిన తర్వాత 5 మిల్లీసెకన్లకి నరం ఎలా ఉందో అలాగే ఫోటో దిగినట్టు ఆగిపోతుంది. ఎక్కువ తిత్తులు తెరుచుకునేలా 4-అమినోపిరిడిన్ అనే మందు కూడా వాడారు. 1979లో వచ్చిన ఆ ఫోటోల్లో నరం పొర మీద వరసగా చిన్న గుంటలు. తెరుచుకుంటున్న తిత్తులు! ఎన్ని గుంటలో లెక్కపెడితే, కరెంటు కొలతల్లో తేలిన పొట్లాల సంఖ్యకి సరిపోయింది. కాట్జ్‌కి అప్పటికే 1970లో నోబెల్ వచ్చేసింది. ఫోటో తర్వాత వచ్చింది.

దీంట్లో చిన్న గొడవ ఉంది. తెరుచుకున్న తిత్తి పొరలో పూర్తిగా కలిసిపోతుందా, లేక ఒక్క క్షణం నోరు తెరిచి సరుకు వదిలి, మళ్లీ మూసుకుని వెనక్కి వెళ్లిపోతుందా? మొదటిది హ్యూజర్, రీస్ మాట. రెండోది ఇటలీకి చెందిన బ్రూనో చెకరెల్లి మాట. ఇద్దరూ 1973లో, ఇద్దరూ కప్ప నరం మీదే, ఒకే పత్రికలో! ఈ గొడవ పూర్తిగా ఇంకా తీరలేదు.

ఇప్పుడు కప్పని పక్కన పెట్టి మన కిడ్నీల దగ్గరకి రండి. రెండు కిడ్నీల మీద టోపీల్లాంటి అడ్రినల్ గ్రంథులున్నాయి. వాటి మధ్య భాగంలో క్రోమాఫిన్ కణాలుంటాయి. రోడ్డు మీద లారీ దగ్గరగా దూసుకుపోతే గుండె దడదడలాడుతుంది కదా, ఆ అడ్రినలిన్ వదిలేది ఇవే. తమాషా ఏంటంటే పిండం దశలో ఇవీ నరకణాలూ ఒకే మూలం నుంచి వస్తాయి. నరకణానికి అన్నదమ్ములే, కాకపోతే పొడుగాటి తోక లేదు. నరం చివర పాయింటు మరీ చిన్నది, ఎలక్ట్రోడ్ పెట్టడానికి చోటుండదు. క్రోమాఫిన్ కణం గుండ్రంగా, చక్కగా ఉంటుంది. దీని తిత్తులు కూడా నరం తిత్తులకంటే ఆరేడు రెట్లు పెద్దవి, 300 నానోమీటర్ల దాకా.

జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నెహర్, అలాన్ మార్టీ 1982లో పశువుల అడ్రినల్ గ్రంథి కణాలతో ఒక పని చేశారు. కణం పైపొర కరెంటుని కాస్త నిలవ పెట్టుకోగలదు. పొర ఎంత పెద్దదైతే నిలవ అంత ఎక్కువ. తిత్తి వచ్చి పొరలో కలిసిందంటే ఆ మేరకు పొర పెరుగుతుంది. చపాతీకి ఇంకో చిన్న పిండిముద్ద కలిపినట్టు. ఆ ఇసుమంత పెరుగుదలని కూడా వాళ్లు కొలవగలిగారు. గీత మెట్లు మెట్లుగా పైకి వెళ్లింది. తిత్తి వెనక్కి వెళ్తే మెట్టు కిందికి. బతికున్న కణంలో తిత్తులు కలిసిపోవడాన్ని అప్పటికప్పుడు చూడటం అన్నమాట.

1990 ప్రాంతంలో అమెరికాలో మార్క్ వైట్‌మన్ బృందం సన్నని కార్బన్ పోగుని క్రోమాఫిన్ కణానికి ఆనించి, ఒక్కొక్క తిత్తి తెరుచుకున్నప్పుడు బయటికొచ్చే సరుకునే కొలిచింది. ఒక్కో తిత్తికి ఒక్కో శిఖరం లాంటి గీత. 1992లో నెహర్ ల్యాబ్ వాళ్లు గమనించారు, చాలా శిఖరాలకి ముందు చిన్న పాదం లాంటి మెట్టు ఉంది. అంటే తిత్తి ఒక్కసారిగా పగలట్లేదు. ముందు సూదిమొనంత రంధ్రం పడి, అందులోంచి సరుకు కాస్త కాస్త కారి, ఆ తర్వాతే నోరు పూర్తిగా తెరుచుకుంటోంది. ల్యాబుల్లో వాడే పీసీ12 కణాలు కూడా ఈ కుటుంబానివే. ఎలుక అడ్రినల్ గడ్డ నుంచి 1976లో తయారుచేశారు, నరాల పెరుగుదల ప్రొటీన్ పోస్తే తోకలు మొలిచి నరకణాల్లా మారిపోతాయి.

మరి రెండు పొరల్ని కలిపేది ఎవరు? చారు మీద రెండు నూనె చుక్కలు దగ్గరకొస్తే వాటంతటవే ఒకటైపోతాయి. కణంలో అలా కుదరదు. పొరలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎవరో బలవంతంగా దగ్గరకి లాగాలి. ఆ 'ఎవరో' దొరకడానికి సాయం చేసింది విషం.

1820 ప్రాంతంలో జర్మనీలో యుస్టీనస్ కెర్నర్ అనే డాక్టరు, కవి కూడా, సాసేజ్ తిని చచ్చిపోతున్న మనుషుల గురించి వివరంగా రాశారు. పాడైన మాంసంలో ఏదో విషం ఉంది, అది నరం కబురుని ఆపేస్తుంది, ఒళ్లంతా వాలిపోతుంది అని గుర్తించారు. తన మీద తానే ప్రయోగం చేసుకున్నారు కూడా (మీరు ఇంట్లో ట్రై చేయకండి). అదే బొటులినమ్ విషం. ఇవాళ ముఖం ముడతలకి వేయించుకునే బొటాక్స్ దాన్నుంచి వచ్చిందే, అతి సూక్ష్మమైన మోతాదులో.

రెండో విషం మనకి బాగా తెలుసు. ధనుర్వాతం. మేకు గుచ్చుకుంటే పరిగెత్తి టీటీ ఇంజెక్షన్ వేయించుకునేది దీనికోసమే. ఒళ్లు విల్లులా వంగిపోతుంది కాబట్టి ఆ పేరు. పాత రోజుల్లో శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే పసిబిడ్డలకి వచ్చేది. పాలు తాగడానికి నోరు తెరుచుకునేది కాదు.

ఒకటి ఒళ్లు వాల్చేస్తుంది, ఇంకోటి బిగించేస్తుంది. పూర్తిగా ఆపోజిట్. కానీ 1992లో ఇటలీలో మోంటెకూకో, స్కియావో వాళ్లు బయటపెట్టింది ఏంటంటే, ధనుర్వాత విషమూ, బొటులినమ్‌లో బి అనే రకమూ కత్తిరించేది ఒకే ప్రొటీన్‌ని! తిత్తి మీద ఉండే సినాప్టోబ్రెవిన్‌ని. తేడా అడ్రసులో ఉంది. బొటులినమ్ కండరం దగ్గరి నరం చివరే కూర్చుంటుంది, కబురు ఆగిపోతుంది, కండరం వాలిపోతుంది. ధనుర్వాత విషం నరం వెంట వెన్నుపాముదాకా ఎక్కి, కండరానికి "ఇక చాలు, వదులు" అని చెప్పే కణాల తిత్తుల్ని ఆపేస్తుంది. బ్రేకులు పోయిన బండి అన్నమాట.

మరుసటి ఏడాది 1993లో న్యూయార్క్‌లో జేమ్స్ రోత్‌మన్ బృందం పూర్తిగా వేరే దారిలో వచ్చి, పశువు మెదడులోంచి మూడు ప్రొటీన్లని పట్టింది. సినాప్టోబ్రెవిన్, సింటాక్సిన్, స్నాప్-25. ఒకటి తిత్తి మీద, రెండు నరం పొర మీద. బొటులినమ్ రకాలు కత్తిరించేది కూడా సరిగ్గా ఈ మూడింటినే! వీటికి స్నేర్ ప్రొటీన్లు అని పేరు. ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని, బ్యాగు జిప్పులా పెనవేసుకుంటూ రెండు పొరల్నీ దగ్గరకి లాగుతాయి. 1979 నుంచి ర్యాండీ షెక్‌మన్ బ్రెడ్డు పులిపించే ఈస్ట్ మీద చేస్తున్న పనిలో కూడా ఇలాంటి సరఫరా యంత్రాంగమే బయటపడుతూ వచ్చింది. ఈస్ట్‌కి నరం లేదు, మెదడు లేదు, కానీ తిత్తులున్నాయి.

ఇంకొక్క ముక్క మిగిలింది. జిప్పు సిద్ధంగా ఉంటే "ఇప్పుడు లాగు" అని చెప్పేదెవరు? కాల్షియం. 1967లో కాట్జ్, మెక్సికోకి చెందిన రికార్డో మిలేడీ దాని అవసరం ఏ క్షణంలో ఉందో చూపించారు. అదే ఏడాది డాడ్జ్, రహమిమోఫ్ లెక్కేస్తే, కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు దాన్ని రెండింతలు చేస్తే కబురు ఇంచుమించు 16 రెట్లు పెరుగుతోంది. ఆ కాల్షియాన్ని పట్టుకునే ప్రొటీన్ సినాప్టోటాగ్మిన్. దీన్ని వెంటాడినవారు థామస్ స్యూడాఫ్. 1994లో ఆ జీన్ లేని ఎలుకల్లో చూస్తే, వేగంగా వచ్చే కబురే దాదాపు మాయమైంది. 2013లో రోత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్ ముగ్గురికీ కలిపి నోబెల్.

ఇక ధనుర్వాతం. అది కత్తిరించే ప్రొటీన్ ఏదో తెలియకముందే టీకా వచ్చేసింది. గర్భిణులకి టీటీ వేయడం, శుభ్రమైన కాన్పులు, ఊరూరా తిరిగిన నర్సులు, ఆశాలు, వీళ్లందరి వల్ల 2015లో భారతదేశం తల్లులకీ పసిబిడ్డలకీ వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. నిర్మూలన అంటే సున్నా కాదు. ప్రతి జిల్లాలో 1000 కాన్పులకి ఒక్క కేసు కంటే తక్కువ అని. ఆ బ్యాక్టీరియా మట్టిలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. మీకు ఆఖరిసారి ఆ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో గుర్తులేకపోతే ఇంట్లో అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో తెరుచుకున్న తిత్తిని నరం మళ్లీ ఎలా వెనక్కి లాక్కుంటుందో, హ్యూజర్, చెకరెల్లి గొడవ ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం. ఉంటాను.